మౌసా? కంట్రోలరా?

చిన్నారులారా! దాచుకొన్న డబ్బుతో కంప్యూటరు ఆటలకు మౌస్ కొనుటయా, కంట్రోలర్ కొనుటయా అని మీలో కొందరు తర్కించుకొనుచున్నారు. ఒకటి కొన్న పిమ్మట రెండవదానికి డబ్బు మిగులదు గనుక, ముందే రెండింటి పనితీరు తెలిసికొనుడు.

గురి చూచి కొట్టు ఆటలలో ముఖ్యమైన పనులు రెండు: నడచుట, గురి పెట్టుట. మౌస్‌ను బల్లపై కొంత జరిపినచో తెరపై గురి అందుకు తగినంత దూరము జరుగును. చేయి ఆగినచో గురియు ఆగును. పలకపై వ్రేలితో చుక్క పెట్టినట్లే. కంట్రోలర్‌పై బొటనవ్రేలితో కదుపు స్టిక్ అట్టిది కాదు. రంగూను నది దాటి డలా పోవు పడవను తలచుకొనుడు. చుక్కానిని వంచి పట్టుకొన్నంతసేపు పడవ తిరుగుచునే యుండును. స్టిక్ కూడ అంతే. సరియైన క్షణమున వదలనిచో గురి లక్ష్యమును దాటిపోవును. కనుకనే పెక్కు ఆటలలో గురి లక్ష్యమును సమీపించినపుడు దాని వేగము తనంతట తగ్గునట్లు ఏర్పాటు చేయుదురు. ఇది మోసము కాదు, బొటనవ్రేలి కష్టము ఎరిగి చేసిన సాయము.

నడకలో మాత్రము కంట్రోలరే మేలు. కీబోర్డుపై డబ్ల్యూ, ఎ, ఎస్, డి మీటలతో నడతురు. మీట నొక్కినట్లో, నొక్కనట్లో, అంతియే. నడుమ మరియొకటి లేదు. స్టిక్‌ను కొంచెము వంచిన నడక, పూర్తిగా వంచిన పరుగు.

మూడవ దారియు కలదు. 2015లో వెలువడిన స్ప్లాటూన్ అను ఆటలో రంగుసిరా చిమ్ముటకు కంట్రోలర్‌నే అటునిటు వంచి గురి పెట్టవచ్చును. తూటాలకంటె సిరా మీ వయస్సుకు తగినదని నా తలంపు.

మన పేటలో కరెంటు పోవుట మీరెరుగనిది కాదు. అపుడు బల్లమీది కంప్యూటరు ఆగిపోవును. బ్లూటూత్ కంట్రోలర్‌ను చార్జి ఉన్న ఫోనుకు జతపరచి ఆడవచ్చును. అయితే ఫోను ఆటలన్నియు కంట్రోలర్‌ను అంగీకరింపవు. మీ ఆట అంగీకరించునో లేదో ముందుగా విచారింపుడు.

ఇంట కంప్యూటరు, బల్ల ఉన్నచో నేను మౌస్‌నే కొనుమందును. దాని ప్రక్కనున్న కీబోర్డుపై తెలుగు కూడ టైపు చేయవచ్చును. ఈ పత్రికకు వ్యాసములు అట్లు వచ్చిన మాకెంత సుఖము! చాపపై కూర్చుండి అన్నదమ్ములతో ఒకే తెరపై ఆడువారికి కంట్రోలరే తగును. డబ్బు చెల్లింపక మునుపు దుకాణములోనే దానిని చేతబట్టి చూడుడు. మీ బొటనవ్రేళ్లు రెండు స్టిక్‌లకును అందుచున్నవో లేవో, చూపుడువ్రేళ్లు వెనుక మీటలను నొక్కగలవో లేవో అచ్చటనే తేలిపోవును.