ఒక కథ, రెండు తెరలు: సినిమానూ టీవీ ధారావాహికనూ పోల్చి చదవడం ఎలా?



జర్నలిజం, సాహిత్యం, చలనచిత్ర అధ్యయనం వంటి కోర్సుల్లో చేరిన వారికి మొదట్లోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది. “ఒక సినిమానూ, ఒక టెలివిజన్ ధారావాహికనూ పోల్చి విశ్లేషించండి” అని. ప్రశ్న తేలికగానే కనిపిస్తుంది. సినిమా చూడనివారు, సీరియల్ చూడనివారు మనలో ఎవరున్నారు? కానీ జవాబులు తిరగేస్తే చాలా వాటిలో ఒకే పద్ధతి ఉంటుంది. రెండు పేజీల్లో సినిమా కథ, రెండు పేజీల్లో సీరియల్ కథ, చివర “సినిమాయే బాగుంది” అనే తీర్పు. ఇందులో కథలున్నాయి, ఇష్టాయిష్టాలున్నాయి. విశ్లేషణ మాత్రం లేదు.

నేను విజ్ఞానశాస్త్రం బోధించేవాణ్ని. అందుకే ఈ పాఠాన్ని ప్రయోగశాలలో అందరికీ తెలిసిన లోలకంతో మొదలుపెడతాను. లోలకం ఊగే కాలం దేనిమీద ఆధారపడుతుందో తెలుసుకోవాలి. దారం పొడవునూ, గుండు బరువునూ రెండింటినీ ఒకేసారి మార్చామనుకోండి. కాలం మారుతుంది, కానీ దేనివల్ల మారిందో చెప్పలేం. ఒకదాన్ని స్థిరంగా ఉంచి రెండోదాన్ని మార్చినప్పుడే కారణం దొరుకుతుంది. దృశ్యాలను పోల్చడానికి కూడా ఇదే క్రమశిక్షణ కావాలి.

‘పాఠ్యం’ అంటే ఏమిటి?

విశ్వవిద్యాలయాల్లో సినిమానూ, టీవీ కార్యక్రమాన్నీ కూడా ‘పాఠ్యం’ అంటారు. పుస్తకంలో మాటలు ఒక వరుసలో కూర్చి అర్థాన్ని కల్పించినట్లే, ఇక్కడ షాట్లు, వెలుగునీడలు, నటన, సంభాషణ, సంగీతం, ఎడిటింగ్ కలిసి అర్థాన్ని కల్పిస్తాయి. కథ ఈ పాఠ్యంలో ఒక భాగం మాత్రమే.

ఈ విషయాన్ని సుమారు వందేళ్ల కిందట రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒక ప్రయోగంతో చూపాడు. ఒక నటుడి ముఖాన్ని, ఏ భావమూ లేని ఒకే షాట్‌ను, ఒకసారి సూప్ గిన్నె పక్కన, మరోసారి శవపేటిక పక్కన కూర్చాడు. చూసినవారికి మొదటిసారి ఆ ముఖంలో ఆకలి, రెండోసారి దుఃఖం కనిపించాయని చెబుతారు. ముఖం మారలేదు, పక్కనున్న షాట్ మారింది. అంటే అర్థం ఒక్కో బొమ్మలో కాక బొమ్మల కూర్పులో కూడా ఉంటుందన్నమాట. కాబట్టి “ఏం చెప్పారు?” అని ఆగకుండా “ఎలా కూర్చారు?” అని అడగడం విశ్లేషణకు మొదటి మెట్టు.

పోలికకు ఒక ఆధారం

ఉదాహరణకు మీ అందరికీ తెలిసిన రెండు పాఠ్యాలను తీసుకుందాం. ఒకటి కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించగా 1957లో విడుదలైన ‘మాయాబజార్’. రెండోది బి.ఆర్. చోప్రా నిర్మించగా దూరదర్శన్‌లో 1988 అక్టోబర్ 2 నుంచి 1990 జూన్ 24 వరకు ఆదివారం ఉదయాల్లో ప్రసారమైన హిందీ ధారావాహిక ‘మహాభారత్’. ఒకటి సుమారు మూడు గంటల సినిమా. రెండోది 94 భాగాల ధారావాహిక.

ఇంత పెద్ద పాఠ్యాలను మొత్తంగా పోల్చడం సాధ్యం కాదు. రెండింటిలోనూ ఉండే ఒక అంశాన్ని పట్టుకోవాలి. దాన్నే పోలికకు ఆధారం అంటాం. మనం ఘటోత్కచుణ్ణి తీసుకుందాం. భీముడికీ హిడింబకూ పుట్టి, అడవిలో పెరిగిన కొడుకు. రెండు తెరలమీదా ఉన్నాడు. మన ప్రశ్న ఇది: ఈ అడవి బిడ్డకు ఏ పాఠ్యం ఎంత చోటిచ్చింది, ఎలా ఇచ్చింది, ఎందుకు అలా ఇచ్చింది?

ఈ మూడు మాటలనూ గుర్తుంచుకోండి: ఎంత, ఎలా, ఎందుకు. మొదటిది కొలత, రెండోది వర్ణన, మూడోది వివరణ. ఈ వరుస తప్పితే జవాబు గాడి తప్పుతుంది.

ఎంత? ఎలా?

గడియారం, నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. మొదటిసారి మామూలు ప్రేక్షకుడిలాగే చూడండి. రెండోసారి ఆపి ఆపి చూస్తూ, ఘటోత్కచుడు కనిపించే ప్రతి దృశ్యానికీ సమయం, షాట్ రకం, పక్కన ఎవరున్నారు, మాట ఎవరిది అనేవి రాసుకోండి. మూడోసారి శబ్దం పూర్తిగా తగ్గించి బొమ్మను మాత్రమే చూడండి. నాలుగోసారి తెరకు వీపు పెట్టి కూర్చుని శబ్దం మాత్రమే వినండి. కళ్ళకు తెలియని సంగతులు చెవులకు, చెవులకు తెలియనివి కళ్ళకు ఇలా దొరుకుతాయి.

మాయాబజార్‌ను ఇలా చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. భారత కథ అంటూనే ఈ సినిమాలో పాండవులు ఐదుగురిలో ఒక్కరూ తెరమీదకు రారు. వాళ్ళు ఖాళీ చేసిన చోటు ద్వారకలోని కుటుంబానికీ, అడవిలోని హిడింబ ఆశ్రమానికీ దక్కింది. తండ్రుల తరం ఓడిపోయి అడవి పాలైనప్పుడు, వాళ్ళ బిడ్డ అభిమన్యుడి పెళ్ళి జరిపించే భారం ఎస్.వి. రంగారావు నటించిన ఘటోత్కచుడి మీద పడింది. కృష్ణుడి ఆలోచన, ఘటోత్కచుడి చేత. రాక్షసుడు ఇక్కడ భయపెట్టేవాడు కాదు. ఇంటికి ఆసరాగా నిలిచిన అన్న.

మరో సంగతి చూడండి. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించినప్పుడు ఆ పాత్రను కూడా సావిత్రే నటించింది. అదే ముఖం, అదే అలంకారం. మారినవి నడక, చూపు, చేతుల కదలిక. ఆ కాసేపు రంగారావు తెరమీద లేకపోయినా ఘటోత్కచుడు ఉన్నాడని చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. ఒక్క అంశం తప్ప తక్కినవన్నీ స్థిరంగా ఉంచిన ప్రయోగం ఇంతకంటే చక్కగా దొరకదు. నటన అనేది పాఠ్యంలో ఎంత అర్థాన్ని మోస్తుందో చెప్పడానికి మీ జవాబులో ఈ దృశ్యాన్ని వాడుకోవచ్చు.

ఇక ధారావాహికకు వద్దాం. ఇక్కడ కథ చెప్పేది ‘కాలం’. తిరిగే చక్రం, అంతరిక్షం, గంభీరమైన గొంతు. ఆ గొంతు హరీశ్ భిమానీది, మాటల రచన రాహీ మాసూమ్ రజాది. ఈ కాలపురుషుడు భరతుడి కాలం నుంచి కురుక్షేత్రం తరువాతి దాకా వంశాన్నంతా చూపుకుంటూ పోతాడు. ఆ ప్రవాహంలో ఘటోత్కచుడు కనిపించేవి కొద్ది భాగాలే. పుట్టుక ఒకచోట, యుద్ధం మరొకచోట. అర్జునుడి కోసం కర్ణుడు దాచుకున్న శక్తి ఆయుధం అతడి మీద ఖర్చవుతుంది, అతడు నేలకూలతాడు. వ్యాసభారతంలో ఉన్నదీ ఇదే. అతడి మరణం యుద్ధాన్ని ఒక మలుపు తిప్పుతుంది, కథ ముందుకు సాగిపోతుంది.

ఎందుకు?

ఇక్కడే చాలామంది తొందరపడతారు. “సినిమా మాధ్యమం వేరు, టీవీ మాధ్యమం వేరు, అందుకే ఈ తేడా” అని ఒక్క వాక్యంలో ముగిస్తారు. అది నిజమో కాదో పరీక్షించాలి. రెండింటి మధ్య మారినవి చాలా ఉన్నాయి. ఒక్కొక్కటిగా విడదీద్దాం.

తెర ఆకారం: మాయాబజార్ కాలంలో మన సినిమాల ఫ్రేమూ, తరువాతి పాత టీవీ తెరా ఆకారంలో దాదాపు ఒక్కటే. అడ్డం నాలుగు పాళ్ళయితే నిలువు మూడు పాళ్ళు. కాబట్టి తేడాకు ఆకారం కారణం కాదు. పరిమాణం మాత్రం వేరు. మార్కస్ బార్ట్లే కెమెరా పట్టిన వెన్నెల దృశ్యాలు చీకటి హాలులోని పెద్ద తెరకోసం పుట్టినవి. ఇంట్లో, వెలుతురులో, చిన్న తెరమీద ఆ వెలుగునీడలు నిలవవు. టీవీ పాఠ్యాలు దగ్గరి షాట్లమీదా, మాటలమీదా ఎక్కువ ఆధారపడటానికి ఇదొక కారణం.

చూసే పద్ధతి: సినిమా ఒక్క కూర్చోవడంలో పూర్తవుతుంది. ధారావాహిక వారానికొకసారి వస్తుంది. మధ్యలో ప్రకటనలు, ముందు వెనుక వేరే కార్యక్రమాలు. బ్రిటిష్ విమర్శకుడు రేమండ్ విలియమ్స్ 1974లో టెలివిజన్ గురించి రాస్తూ దీన్ని ‘ప్రవాహం’ అన్నాడు. ఈ ప్రవాహంలో ప్రేక్షకుడు తప్పిపోకుండా పట్టుకునే చెయ్యి ఒకటి కావాలి. ‘కాలం’ గొంతు చేసే పని అదే. అది తత్త్వం చెబుతుంది, పోయిన వారపు కథనూ గుర్తుచేస్తుంది.

మూలం: ధారావాహిక మహాభారత కథాక్రమాన్ని అనుసరించింది. మాయాబజార్ కథ వ్యాసుడిలో లేదు. అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర. శశిరేఖా పరిణయం మన జానపదుల నోళ్ళలో, నాటకరంగం మీద పెరిగిన కథ. కాబట్టి ఘటోత్కచుడికి దక్కిన పెద్దపీటకు సినిమా మాధ్యమం ఒక్కటే కారణం అనలేం. ఆ పీట నాటకాల్లోనే వేసి ఉంది.

ఇప్పుడు ఒక సరిచూపు ప్రయోగం చేద్దాం. అదే 1988లో, అదే దూరదర్శన్‌లో శ్యామ్ బెనెగల్ తీసిన 53 భాగాల ‘భారత్ ఏక్ ఖోజ్’ మొదలైంది. నెహ్రూ రాసిన ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ దానికి ఆధారం. అందులోనూ మహాభారతం ఉంది. కానీ అక్కడ కథలోకి తీసుకువెళ్ళేది కాలపురుషుడు కాదు. రోషన్ సేఠ్ నటించిన నెహ్రూ. ఇతిహాసం అక్కడ చరిత్రకారుడు ప్రశ్నించే వస్తువు. మాధ్యమం ఒకటే, ఛానల్ ఒకటే, సంవత్సరం ఒకటే. అయినా పాఠ్యం వేరు. అంటే “టీవీ కాబట్టి ఇలా ఉంది” అన్న మాట ఒక్కటే చాలదని తేలింది. మాధ్యమంతోపాటు మూలం, ఉద్దేశం, తీసినవారి చూపు కూడా లెక్కలోకి రావాలి. మీ జవాబులో ఇటువంటి మూడో ఉదాహరణ ఒక్కటి ఉన్నా, పరీక్షకుడికి మీరు ఆలోచించారని తెలుస్తుంది.

రాయడం ఎలా?

రెండు వాక్యాలు చూడండి.

“మాయాబజార్ అద్భుతం, సీరియల్ సాగదీత.”

“పాండవులను తెరమీదకు రానివ్వకపోవడం ద్వారా మాయాబజార్ ఘటోత్కచుణ్ణి కథ మధ్యకు తెచ్చింది, వంశకథను కాలపురుషుడి నోట చెప్పించడం ద్వారా ధారావాహిక అతణ్ణి ఒక పెద్ద యుద్ధంలో ఒక మలుపుగా చూపింది.”

మొదటి వాక్యాన్ని ఎవరైనా కాదనవచ్చు, అక్కడితో చర్చ ముగుస్తుంది. రెండో వాక్యాన్ని కాదనాలంటే పాఠ్యాన్ని మళ్ళీ చూడాలి. ఒక వాక్యం విశ్లేషణో కాదో ఇలా పరీక్షించవచ్చు. ఇంకో సూచన: ఏ ప్రతిని చూశారో తప్పక రాయండి. మాయాబజార్‌కు 2010లో రంగులద్ది, శబ్దాన్ని కూడా కొత్తగా కూర్చి విడుదల చేశారు. ఆ ప్రతిని చూసి 1957 నాటి వెలుగునీడల గురించి రాస్తే లెక్క తప్పుతుంది.

ఇదంతా ఎందుకు?

మార్కులకోసమే అయితే ఇంత శ్రమ అక్కరలేదు. మాయాబజార్ మాత్రమే చూసిన పిల్లవాడికి ఘటోత్కచుడు పెళ్ళి భోజనం ఒంటిచేత్తో ఆరగించే ఆత్మీయుడు. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ మళ్ళీ ప్రసారం చేసిన ధారావాహికను మాత్రమే చూసిన పిల్లవాడికి అతడు ఇంకొకరి ప్రాణం నిలవడానికి బలైన యోధుడు. రెండూ అబద్ధాలు కావు. కానీ ఒక్కటే చూసినవాడు దాన్నే మొత్తం అనుకుంటాడు. ఎవరిని మధ్యలో నిలబెట్టారు, ఎవరిని అంచుకు నెట్టారు, ఎవరి చావుకు ఎన్ని నిమిషాలిచ్చారు అన్న ప్రశ్నలు పురాణాలతో ఆగవు. రాత్రి చూసే వార్తలకూ, ఫోన్లో వచ్చిపడే అర నిమిషం వీడియోలకూ అవి వర్తిస్తాయి. అక్కడ కూడా ముఖం ఒకటే ఉంటుంది, పక్కన అతికించిన షాట్ మారుతుంది.

మాయాబజార్‌లోనే ‘ప్రియదర్శిని’ అనే పెట్టె ఉంది గుర్తుందా? తెరిచినవారికి తమ మనసులో ఉన్నవారే కనిపిస్తారు. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని. మనం కూడా ప్రతి తెరలోనూ ముందుగా మనకు ఇష్టమైనదాన్నే చూస్తాం. అందులో తప్పులేదు. దాని తరువాత గడియారం, నోటుపుస్తకం తీసుకుని, నిజంగా అక్కడ ఏముందో మళ్ళీ చూడాలి.

అభ్యాసం

1. మీకు తెలిసిన ఒక పురాణ పాత్రను ఒక సినిమాలోనూ, ఒక ధారావాహికలోనూ ఎంచుకుని, రెండింటిలోనూ ఆ పాత్ర తెరమీద ఉండే నిమిషాలను లెక్కించండి.

2. ఒక దృశ్యాన్ని శబ్దం లేకుండా చూసి, తరువాత బొమ్మ లేకుండా విని, కథలో ఎంత భాగం దేనివల్ల అర్థమైందో పది వాక్యాల్లో రాయండి.

3. మీరు గమనించిన ఒక తేడాకు మూడు కారణాలు ఊహించండి. వాటిలో ఒకదాన్ని తోసిపుచ్చగల మూడో పాఠ్యాన్ని వెతకండి.