మెఱుగుపొరయు, వెలుతురు కొలతయు



కాఫీపొడి, పాలపొడి, వేపుడు చిరుతిండ్లు మొదలగునవి నేడు ప్రతి చిల్లర యంగడియందును వెండివలె మెఱయు సంచులలో వ్రేలాడుచున్నవి. ఆ మెఱుపు కేవలము అలంకారము కాదు. లోని వస్తువునకు వెలుతురు, గాలి, తేమ సోకకుండుటకై పెట్టిన కాపు అది. ఆ కాపు వెలుతురును ఎంతవఱకు ఆపుచున్నదో కొలుచు విధమును నేడు మనవి చేసెదను.

వెలుతురు వలన హాని యేమి యని తమరు అడుగవచ్చును. వెలుతురు తగిలిన నూనె, గాలిలోని ప్రాణవాయువుతో త్వరగా కలిసి కనరువాసన పట్టును. పాలలోని రైబోఫ్లేవిన్ అను విటమిను వెలుతురున నశించును. పాల రుచియు చెడును. కొన్ని మందులు కూడ ఇట్లే బలము కోల్పోవును. ఊరగాయను గాజుపాత్రలో గాక జాడిలో నుంచి చీకటికొట్టున దాచుటయందు ఈ మేలును కలదు.

మెఱయు సంచి అంతయు లోహమని తలంపరాదు. అది పలుచని ప్లాస్టికు పొర. గాలిని తీసివేసిన గదిలో అల్యూమినియపు తీగను కాచి ఆవిరి చేయుదురు. అన్నపు గిన్నెమూతపై ఆవిరి పేరుకొనునట్లు, ఆ లోహపుటావిరి పొరపై పేరుకొనును. ఆ పూత మందము మైక్రానులో ఇరువదవ వంతు, లేదా అంతకంటెను తక్కువ. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవ వంతు. ఇంతటి సూక్ష్మమైన పూతకు మామూలు కొలబద్ద పనికిరాదు. కావున వెలుతురునే కొలబద్దగా జేసికొనిరి.

విధానము సులభమైనది. ఒకవైపు దీపము, ఎదుటివైపు వెలుతురును విద్యుత్తుగా మార్చు యంత్రపు కన్ను ఉండును. మొదట అడ్డు లేకుండ వెలుతురును కొలుతురు. పిదప నడుమ పొరను ఉంచి కొలుతురు. పది పాళ్లలో ఒక పాలు దాటినచో ఆ పొరకు 1 అను అంకె. నూటికి ఒకటి దాటినచో 2. వేయికి ఒకటి దాటినచో 3. చూడగా ఇది సున్నల లెక్క. గణితజ్ఞులు దీనిని సంవర్గమాన మందురు. ఈ యంకెకు దృక్సాంద్రత యని పేరు. ఇంగ్లండునందు హర్టరు, డ్రిఫీల్డు అను నిరువురు 1890లో ఛాయాచిత్రపు పలకల నలుపును ఇట్టి లెక్కతోనే కొలిచిరి. ఆ లెక్కయే నేడు సంచుల పొరలకును ఉపయోగపడుచున్నది.

ఇందొక మెలకువ కలదు. 2.0కును 2.3కును భేదము స్వల్పమని తోచును. కాని మొదటిది నూటికి ఒక పాలు వదలగా, రెండవది రెండువందలకు ఒక పాలు మాత్రమే వదలును, అనగా సగమే. అంకె 2 గల పొరయు, 3 గల పొరయు మన కంటికి అద్దమువలె ఒకే తీరున మెఱయును. అయినను లోనికి జొచ్చు వెలుతురు పదిరెట్లు భేదించును. మెఱుపు తిరిగివచ్చిన వెలుతురును చూపునే గాని, దాటిపోయిన దానిని చూపదు. కన్ను మోసపోవు చోట కొలత మోసపోదు.

అయినను ఈ యంకెయే సర్వము కాదు. కొలిచిన చోటికే అది సాక్ష్యము. సూదిమొన వంటి రంధ్రములు, మడతలయందలి పగుళ్లు వేఱొక చోట నుండవచ్చును. అందుచేత పొరను దీపపు బల్లపై పఱచి గూడ పరీక్షింతురు. గాలిని, తేమను ఆపు శక్తిని వేఱుగా కొలుతురు.

మన కిందు తెలియవలసినది యేమన: వెలుతురు నాపు సంచి వేడిమి నాపజాలదు, కావున దానిని ఎండలో వ్రేలాడదీయరాదు. సంచిలోని పొడిని గాజుసీసాలో పోసి కిటికీకడ నుంచినచో ఆ కాపు పోయినట్లే. మందుబిళ్లలను వాడు సమయము వఱకు వాని రేకునుండి తీయకుండుట మేలు. ఖాళీ సంచిని చీల్చి విద్యుద్దీపమున కెదురుగా పట్టి చూడుడు. రంధ్రములున్నచో చుక్కలవలె కానవచ్చును. సూర్యునివైపు మాత్రము పట్టి చూడరాదు, కంటికి హాని.