వేసవిలో ఎడారి నడక

మన దేశమునకు పశ్చిమమున, రాజస్థానమందు థార్ ఎడారి విస్తరించియున్నది. ఆ ఎడారి అంచుననున్న ఫలోది పట్టణమున 2016 మే 19వ తేదీన ఉష్ణోగ్రత 51 డిగ్రీల సెల్సియస్‌కు చేరెను. ఇట్టి చోట గుడారము వేసికొని, కాలినడకన సంచరింపగోరువారు ముందుగా ఒక సత్యమును గ్రహింపవలెను: ఎడారిలో చెమట కంటికి కానరాదు.

చెమట ఆవిరియగుటచే మన శరీరము చల్లబడును. సముద్రతీరమున గాలిలో తేమ అధికము; అందుచే చెమట ఆరక చొక్కా తడియును. ఎడారిగాలి పొడిది, అచ్చట చెమట పుట్టినంతనే ఆవిరియగును. చర్మము పొడిగా నుండుటచే బాటసారి తాను నీరు కోల్పోవుచున్నట్లు ఎఱుగడు. దప్పిక తెలియునప్పటికే శరీరమున నీరు తగ్గియుండును. కావున దప్పిగొనకమున్నే కొంచెము కొంచెముగా నీరు త్రాగుచుండవలెను. చెమటతో ఉప్పును పోవును గనుక ఉప్పుగల ఆహారమును తినవలెను.

వేకువను, సాయంకాలమున నడచి, పగటివేళ నీడను విశ్రమించుట మేలు. వదులైన నూలు వస్త్రములతో ఒడలంతయు కప్పుకొనవలెను. ఎండలో మూసిన గుడారము పొయ్యివలె కాగును. దాని ద్వారములు తెఱచి గాలి యాడనీయవలెను. ఎండిన వాగులో గుడారము వేయరాదు. ఎక్కడనో కురిసిన వాన హఠాత్తుగా వెల్లువయై రాగలదు.

తోడివాడు తూలినను, పొంతనలేక మాటాడినను వడదెబ్బ తగిలినదని యెంచవలెను. వెంటనే వానిని నీడకు చేర్చి, ఒడలు తడిపి, విసరుచు, వైద్యుని సహాయము పొందవలెను. తెచ్చిన నీటిలో సగము తీరకమునుపే వెనుదిరుగువాడు వివేకి.