జోడు కుదిరితేనే లయ

పిల్లల్ని మృదంగం క్లాసులో చేర్చమనేవాళ్లు ఈమధ్య ముందుగా ఎత్తే మాట మార్కులది. తాళం వస్తే లెక్కలు వస్తాయట, జ్ఞాపకశక్తి పెరుగుతుందట. ఈ మాటకు ఆధారం పలచన. సాలా, గోబే అనే ఇద్దరు పరిశోధకులు సుమారు 7,000 మంది పిల్లల మీద జరిగిన 54 అధ్యయనాలను కలిపి చూసి, 2020లో ఫలితం ప్రకటించారు. పకడ్బందీగా జరిగిన ప్రయోగాల్లో సంగీతం వల్ల తెలివితేటలకు గానీ చదువుకు గానీ ఒరిగింది దాదాపు సున్నా. మార్కులే కావాలంటే ఆ గంట లెక్కలే చేయించవచ్చు. వాద్యం ఇచ్చేది వేరు: ఎదుటి మనిషితో కాలం కలుపుకునే నేర్పు.

జర్మనీలోని లైప్జిగ్‌లో కిర్ష్నర్, టొమసెల్లో అనే పరిశోధకులు చేసిన ప్రయోగం దీన్ని చక్కగా చూపిస్తుంది. రెండున్నర నుంచి నాలుగున్నర ఏళ్ల పిల్లల చేత మనిషితో కలిసి ఒకసారి, డ్రమ్ము కొట్టే యంత్రంతో ఒకసారి, స్పీకరులోంచి వచ్చే శబ్దంతో ఒకసారి వాయింపజేశారు. 2009లో వెలువడిన ఫలితం ప్రకారం, అన్ని వయసుల వాళ్లూ మనిషితోనే బాగా కలిశారు. మరుసటి ఏడాది వాళ్లే ఇంకో సంగతి చెప్పారు: జంటగా పాడి, ఆడి, వాయించిన నాలుగేళ్ల పిల్లలు ఆ తర్వాత ఒకరికొకరు ఎక్కువ సాయపడ్డారు. కలిసి వాయించాలంటే దెబ్బ విన్నాక కొడితే ఆలస్యమే. రాబోయే దెబ్బను ముందే ఊహించాలి, అంటే పక్కవాడి మీద ధ్యాస నిలపాలి. మన గురువులు వాద్యం ముట్టనివ్వకముందే చేత్తో తాళం వేయిస్తూ నోటితో జతులు చెప్పించడంలో ఉన్నదీ ఈ సాధనే. ‘తక తకిట’ అంటూ ఐదు అక్షరాల ఖండచాపును పదిమందితో కలిసి చెప్పే పిల్లవాడు తొందరపడితే వెంటనే తెలిసిపోతుంది, ఎవరూ తిట్టనక్కర్లేదు.

లయ కుదిరిన మూడు, నాలుగేళ్ల పిల్లల మెదడు మాటల ధ్వనులను స్పష్టంగా పట్టుకుంటుందని అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం 2014లో తేల్చింది. అయితే అది రెండింటి మధ్య సంబంధం మాత్రమే. వాయించడం వల్లే అలా అయిందని కాదు. అభ్యంతరాలకు వస్తే, చప్పుడు భరించలేమనే తల్లిదండ్రుల మాటా కొట్టిపారేయదగ్గది కాదు. డ్రమ్ సెట్ ముందు కూర్చునే పిల్లల చెవులకు రక్షణ కావాలి. ఆడపిల్లలకెందుకు అనే అభ్యంతరానికి మాత్రం జవాబు చెప్పడమే దండగ. మృదంగ విద్వాంసురాలు నిడుమోలు సుమతికి 2021లో పద్మశ్రీ వచ్చింది. డప్పును కులంతో ముడిపెట్టి పిల్లలకు దూరం చేయడం అంతకన్నా అన్యాయం. ఇక గదిలో ఒంటరిగా యాప్ చూసి వాయించడం చేతి నైపుణ్యానికి పనికొస్తుందేమో గానీ, పైన చెప్పిన లాభం కావాలంటే ఎదురుగా ఇంకో మనిషి వాయిస్తూ ఉండాలి.