మంచుపలకతో మలుపు తిరుగుట

మంచుకొండల పల్లములందు ఒక్క పలకపై రెండు పాదములను బిగించుకొని, చెయ్యి నేలకు తగులునంతగా ప్రక్కకు వాలి, అర్ధచంద్రాకారముగా మలుపులు తిరుగుచు దిగివచ్చు ఆటకాండ్రను మన విద్యార్థులు చేతిఫోనులలో చూచియే యుందురు. ఆ పలకకు స్నోబోర్డని పేరు. మనము మంచుపలక యందము. అది వెడల్పుగా జారక, తన యంచుపై నిలిచి మంచును కోయుచు తిరుగు మలుపునకు కార్వింగు, అనగా చెక్కుట, అని పేరు. చూచువారికి ఇది కేవలము ధైర్యసాహసముల పనిగా తోచును. ధైర్యము కొంత కావలసినదే. అయినను ఆ మలుపును తిప్పునది ఆటకాని బలము గాదు. పలక యొక్క ఆకారమును, అతడు వాలిన కోణమును. ఎట్లో వివరింతుము.

మెట్టుగూడలో కూర్చుండి మంచును గూర్చి వ్రాయుట యేమని కొందరు నవ్వవచ్చును. నిజమే, హిమమనునది మనలో పలువురకు దేవాలయమున కీర్తనలలో విను మాట మాత్రమే. కాని 2004లో హైదరాబాదున లోయరు ట్యాంకుబండు నొద్ద స్నోవరల్డు తెరవబడిన పిమ్మట మన నగరపు పిల్లలనేకులు కృత్రిమ హిమమును చేతితో తాకి చూచిరి. 2014 మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ, పదునాలుగేండ్లైనను నిండకమునుపే, ఎవరెస్టు శిఖరము నెక్కెను. ఆమె సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకొనిన పిల్ల. ఆమెతోగూడ నెక్కిన సాధనపల్లి ఆనంద్ కుమారు ఖమ్మము జిల్లావాడు. మంచు మన బిడ్డలకు పరాయిదని చెప్పుట కిక వీలు లేదు. వేఱొక కారణమును గలదు. మన వాడలో అనేక కుటుంబములు రైలు కొలువును నమ్ముకొని బ్రదికినవి. మంచుపలక రహస్యమో, రైలుచక్రమునందును రైలుకట్టమీదను నున్నది.

ఈ యాట పుట్టుక ఇటీవలిది. అమెరికాలో మిచిగన్ రాష్ట్రపు మస్కీగన్ నగరమున షర్మన్ పాపెన్ అను గృహస్థుడు 1965వ సంవత్సరపు క్రిస్మసు దినమున, తన కుమార్తెలు ఆడుకొనుటకై, రెండు స్కీ పలకలను జతగా బిగించి యిచ్చెను. 1977లో జేకు బర్టన్ కార్పెంటరు వెర్మాంటు రాష్ట్రమున ఇట్టి పలకలను చేసి యమ్మ నారంభించెను. 1998లో జపాను దేశపు నగానో ఒలింపిక్ క్రీడలందు ఈ యాట మొదటిసారిగా చేర్చబడెను. 2018లో కొరియా దేశపు ప్యాంగ్‌చాంగ్ క్రీడలలో చెక్ దేశీయురాలగు ఎస్తర్ లెడెట్స్కా స్కీలపై ఒక పందెమును సెకనులో నూరవ వంతు తేడాతో గెలిచి, వారము దినములకు మంచుపలకపై వేఱొక పందెమును గూడ గెలిచి, రెండింటను స్వర్ణపతకములు పొందెను. మంచుపలకలలో గంతులకును విన్యాసములకును ఉపయోగించు మెత్తనిబూట్ల పలక యొకటి, వేగముగా మలుపులు చెక్కుటకై చేసిన ఆల్పైను పలక యొకటి. లెడెట్స్కా గెలిచినది రెండవ దానిపై. మన ప్రసంగమును దానిని గూర్చియే.

మొట్టమొదట జారుటకును చెక్కుటకును గల భేదమును గ్రహింపవలెను. చాకును కాయపై పొడుగునకు లాగినచో సన్నని గాటు పడును. అదే చాకును అడ్డముగా నెట్టినచో తొక్క గీచుకొనిపోవును గాని కాయ తెగదు. క్రొత్తగా నేర్చువాడు వెనుకకాలితో పలక తోకను ప్రక్కకు నెట్టి మలుపు తిరుగును. అప్పుడు పలక అడ్డముగా మంచును గీచుచు పోవును, వెనుక వెడల్పైన చారిక మిగులును, వేగము తగ్గును. నేర్పరి పలకను అంచుపై నిలిపి, అది చూచుచున్న దిక్కునకే దానిని పోనిచ్చును. అప్పుడు తోక ముక్కు పోయిన దారినే పోవును. వెనుక పెన్సిలు గీతవంటి సన్నని గాడి మాత్రము మిగులును.

అయితే తిన్నగా పోవలసిన అంచు గుండ్రముగా నెట్లు తిరుగును? పలకను పైనుండి చూచినచో రెండు కొనలు వెడల్పుగను నడుము సన్నముగను ఉండును. ప్రక్క యంచు సరళరేఖ గాదు. ఒక పెద్ద వృత్తములోని తునుక. ఆ వృత్తపు వ్యాసార్ధమే పలకకు ముఖ్యమైన కొలత. విద్యార్థులు దీనిని బల్లమీదనే పరీక్షింపవచ్చును. వంగునట్టి అట్టముక్కను జానెడు పొడవున తీసికొని, రెండు ప్రక్కలను కొంచెము లోపలికి వంపుగా కత్తిరింపుడు. దానిని ఒక యంచుపై ఏటవాలుగా నిలుపుడు. కొనలు రెండును బల్లను తాకును, నడుమ సందు మిగులును. ఇప్పుడు నడుమను వ్రేలితో నొక్కుడు. అట్ట వంగి అంచంతయు బల్లను తాకును. ఆ తాకిన గీత వంకరగీత. ఎక్కువగా వాల్చి నొక్కినకొలదియు వంకర హెచ్చగును. ఆటకాని బరువే ఆ వ్రేలు.

ఆకారమే దారి చూపుట యను నీ సంగతి రైలువారికి క్రొత్తది కాదు. 1893లో స్థాపితమైన మన లాలాగూడ కర్మాగారమున పనిచేసిన తాతలు గల పిల్లలు ఇంట నడిగి తెలిసికొనవచ్చును. రైలుచక్రము పట్టామీద దొర్లు భాగము లోపలి ప్రక్క లావుగను, బయటి ప్రక్క సన్నముగను, 20కి 1 చొప్పున వాలుగా చేయబడును. అడుగు సన్నమై మూతి వెడల్పైన గ్లాసును బల్లపై దొర్లించినచో అది తిన్నగా పోక గుండ్రముగా తిరుగును గదా! అట్లే వంపు వచ్చినప్పుడు ఇరుసు కొంచెము బయటి వైపునకు జరుగగా, బయటి చక్రము తన లావైన భాగముపైనను, లోపలి చక్రము తన సన్నని భాగముపైనను దొర్లి, బండి తనంతట తిరుగును. ఇంజను నడుపువాని చేతిలో దిక్కు త్రిప్పు చక్రమేదియు లేదని గమనింపుడు. మంచుపలకకును అట్టిది లేదు.

ఇక వాలుట. సైకిలుపై మలుపు తిరుగువాడు లోపలికి వాలుట అందఱును ఎఱిగినదే. వాలనిచో బయటికి పడును. రైలుబండి తానై వాలలేదు గనుక వంపులందు బయటి పట్టాను ఎత్తు చేయుదురు. మన దేశపు పెద్దపట్టాల మార్గములో పట్టాల నడుమ దూరము 1676 మిల్లీమీటర్లు. సాధారణముగా బయటి పట్టాను లోపలి దానికంటె 165 మిల్లీమీటర్లకు మించి ఎత్తు చేయరు. అనగా బండి వాలునది 5, 6 డిగ్రీల నడుమనే. మంచుపలక నేర్పరి 60 డిగ్రీలు సైతము వాలును. సైకిలు వాలినప్పుడు దానిని నిలుపునది టైరునకును నేలకును గల రాపిడి. వానకు కొట్టుకొనివచ్చిన ఇసుక మలుపులో నున్నచో ఆ రాపిడి పోవును, సైకిలు ప్రక్కకు జారును. మంచుమీద రాపిడి మొదలే స్వల్పము. అక్కడ పలకను నిలుపునది అంచు తాను కోసికొనిన గాడి యొక్క గోడ. ఆ గోడ విఱిగెనా, ఆటకాడు జారెనన్నమాటయే.

పదవ తరగతి విద్యార్థులు సైను, కొసైనులను బట్టీపట్టి పరీక్ష వ్రాసి మఱచుచున్నారు. వానికి ఇచ్చట పని యున్నది. పలకను వాల్చినప్పుడు మలుపు వ్యాసార్ధము, పలక వ్యాసార్ధమును వాలిన కోణపు కొసైనుతో హెచ్చించినంత అగును. వేగమునకు తగినట్లు ఎంత వాలవలెనో నిర్ణయించునది భూమ్యాకర్షణ. ఈ రెండును కలిపి చూడగా, సమతలముపై, వాలిన కోణపు సైను, వేగపు వర్గమును పలక వ్యాసార్ధముచేతను 9.8 చేతను భాగించినంత యని తేలును. పలక వ్యాసార్ధము 10 మీటర్లనుకొందము. వేగము సెకనుకు 7 మీటర్లు, అనగా గంటకు సుమారు 25 కిలోమీటర్లు. 49ని 98 చేత భాగింపగా సగము వచ్చినది. సైను సగమైన కోణము 30 డిగ్రీలు. మలుపు వ్యాసార్ధము 8 మీటర్ల 66 సెంటీమీటర్లు. వేగము గంటకు 33 కిలోమీటర్లైనచో కోణము సుమారు 60 డిగ్రీలగును. మలుపు 5 మీటర్లకు ముడుచుకొనును. కాళ్లపై బరువు తన బరువునకు రెండింతలగును. వేగము మఱి మూడు కిలోమీటర్లు పెరిగినచో లెక్క 90 డిగ్రీల యొద్దకు పోవును. అది కాని పని. కాబట్టి అంతకు మించిన వేగమున ఆ పలకతో చక్కగా చెక్కుట అసాధ్యము, ఎంతటి బలశాలియైనను సరే. కొండవాలున లెక్క కొంత మారును గాని తత్త్వమిదియే. అందువలననే చిన్న మలుపుల స్లాలము పందెమునకు 160 సెంటీమీటర్ల ప్రాంతపు పొడవును, 10 మీటర్ల ప్రాంతపు వ్యాసార్ధమును గల పలకను, వేగమైన జెయింటు స్లాలమునకు 180 సెంటీమీటర్లు దాటిన పొడవును, దాదాపు రెండింతల వ్యాసార్ధమును గల పలకను వాడుదురు.

పరికరములలో తక్కినవన్నియు ఈ వాలుటను సాధ్యము చేయుటకే యున్నవి. సాధారణ పలక నడుమ 25 సెంటీమీటర్ల వెడల్పుండగా, ఆల్పైను పలక 20 సెంటీమీటర్లకును లోపుగా నుండును. సన్నని పలకను ఒక యంచునుండి మఱియొక యంచునకు త్వరగా మార్చవచ్చును. కాని పాదము దానికంటె పొడవు. పాదములను అడ్డముగా నుంచినచో వ్రేళ్లును మడమలును పలక దాటి, వాలినప్పుడు మంచును తాకి అంచును పైకి లేపివేయును. మనిషి పల్టీ కొట్టును. అందుచే పాదములను పలక పొడవు దిక్కునకు త్రిప్పి, అడ్డమునకు 55 మొదలు 65 డిగ్రీల కోణమున బిగింతురు. వెనుక పాదమునకు కొంచెము తక్కువ. అట్లు నిలిచినవాడు చీలమండతో పలకను ప్రక్కకు వంచలేడు గనుక గట్టి ప్లాస్టిక్ చిప్ప గల బూట్లు తొడుగును. కాలు వంచినంతనే పలక వంగును. నడుమ వృథా కదలిక యుండదు. బూటును పలకకు పట్టియుంచు బైండింగులు లోహపు పళ్లెములు, వాని ముందువెనుకల ఉక్కుకమ్మీలు. పలక యంచునకు ఉక్కుపట్టీ యుండును. దానిని ఆకురాయితో పదును పెట్టుచుండవలెను, ఏలయనగా గట్టి మంచుపై మొద్దుబారిన అంచు గాడి కోయదు. అడుగునకు మైనము పూయుదురు.

పద్ధతి చెప్పుటకు సులువు. వెడల్పైన మెల్లని వాలున, ఒకే యంచుపై, అడ్డముగా పోవుట మొదటి పాఠము. వెనుకకు తిరిగి గీతను చూచుకొనవలెను. సన్నగా నున్నచో సరియే, చెదరినచో మఱల చేయవలెను. మోకాళ్లు వంగి యుండవలెను. చూపు పలక ముక్కుపై గాక మలుపు ముగియు చోటున నుండవలెను. వ్రేళ్ల వైపు మలుపులో మోకాళ్లను తుంటిని మంచు వైపునకు దింపి, ఱొమ్మును నిలువుగా నుంచవలెను. మడమల వైపు మలుపులో కుర్చీలో కూర్చున్నట్లు దిగి, భుజములను పలక పోవు దిక్కునకు త్రిప్పియుంచవలెను. ఛాయాచిత్రము కొఱకు నడుము విఱిచి చేతితో మంచును తాకుట యువకులకు వేడుక. అది మా దృష్టిలో వట్టి డంబము. చెయ్యి క్రిందికి పోయినంత మాత్రమున పలక వాలదు, పైగా బరువు అంచును విడిచిపోవును. పలక వాలగా వాలగా చెయ్యి తానే నేలను చేరిన అది వేఱు.

కష్టమైనది ఒక యంచును విడిచి మఱొక యంచును పట్టు క్షణము. మలుపు చివర బరువు మిక్కుటముగా నుండును. అప్పుడు కాళ్లను మడిచి ఆ బరువును తగ్గింపగా పలక దేహము క్రిందనుండి అవతలికి దాటును. ముక్కు పల్లమును చూడకమునుపే క్రొత్త యంచు మంచును పట్టవలెను. ఇక్కడనే వెఱపు పుట్టును, వెఱచినవాడు వెనుకకు వ్రాలి తోకను నెట్టును, మలుపు జారుడగును. చెక్కు మలుపునకు తనంతట వేగము తగ్గదు. తగ్గింపదలచినవాడు మలుపును ముగియనిచ్చి, పలక మరల కొంచెము ఎగువకు చూచువఱకు ఆగవలెను. కాని యిట్లు చేయువాడు వాలు నంతటిని అడ్డముగా కోయును. వెనుకనుండి వచ్చువాడే ముందువానిని తప్పింపవలెనని నియమమున్నను, బయలుదేరుటకు ముందు ఎగువ వైపు చూచుకొనుట మంచిది. తలకు రక్షణ టోపి తప్పనిసరి.

మన దేశమున ఈ యాటకు చోటు కాశ్మీరములోని గుల్మార్గు, ఉత్తరాఖండములోని ఔలీ. 2011లో దక్షిణాసియా శీతకాల క్రీడలు ఔలీయందును, 2020లో ఖేలో ఇండియా శీతకాల క్రీడలు గుల్మార్గునందును జరిగినవి. మన విద్యార్థులలో నెవరైన అచ్చటికి పోగలిగినచో, మొదట మెత్తనిబూట్ల పలకపై పడుట, లేచుట, ఆగుట నేర్చుకొని, తరువాతనే గట్టిబూట్లు తొడుగవలెను. ప్రతి దిగుడు పిమ్మట క్రింద నిలిచి, పైకి చూచి, తాము వచ్చిన గీతలో ఏ చోట వెడల్పు హెచ్చినదో వెదుకవలెను; ఆ చోటనే పలక అంచు మంచును విడిచినది.