లెక్క అడిగే చదువు

"అమ్మాయి డిగ్రీ పూర్తయింది. ఎం.బి.ఎ.లో చేర్పిస్తే జీతమెంత వస్తుంది?" నారాయణఖేడ్ ప్రాంతంలో, అందులోనూ నాగల్‌గిద్ద వంటి సరిహద్దు మండలంలో తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, సంతలో కన్నడం వినిపించే ఈ పల్లెల నుండి పిల్లలు పి.జి. దాకా రావడమే పెద్ద సంగతి. జీతం గురించి అడగడం తప్పేమీ కాదు. అయితే ఆ చదువులో జీతానికి మించిన పాఠం ఒకటుంది. సంస్థను నడిపే మనిషి ఎవరికి జవాబుదారీ? వాటాదారులకా, పనివాళ్ళకా, ఊరికా? బాధ్యతాయుత నాయకత్వం పేరిట అనేక మేనేజ్‌మెంట్ కళాశాలలు నేడు బోధిస్తున్నది దీన్నే. ఇందుకోసం 2007లో ఐక్యరాజ్యసమితి చొరవతో కొన్ని సూత్రాలు కూడా రూపొందాయి.

ఈ పాఠానికి పరదేశపు ఉదాహరణలు వెతకనక్కర లేదు. హైదరాబాదులో 1987లో ప్రారంభమైన సత్యం కంప్యూటర్స్ చరిత్ర చాలు. దాని అధిపతి బి.రామలింగరాజు అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఎ. చదివినవారు. డైరెక్టర్ల బోర్డులో పేరుమోసిన మేనేజ్‌మెంట్ ఆచార్యులు ఉండేవారు. 2008లో సుపరిపాలనకుగాను ఆ కంపెనీకి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా దక్కింది. అదే ఏడాది డిసెంబర్ 16న, రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలని బోర్డు తీర్మానించింది. వాటాదారులు భగ్గుమనడంతో గంటల్లోనే ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. మూడు వారాలకు, 2009 జనవరి 7న, రాజు స్వయంగా లేఖ రాసి అసలు సంగతి బయటపెట్టారు. నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలని పుస్తకాల్లో ఉంటే, అందులో 5,040 కోట్లు లేనే లేవట! ఆ ఒక్క రోజులో వాటా ధర ముప్పాతిక వంతుకు పైగా పడిపోయింది. మరునాడు ముహర్రం సెలవు, మార్కెట్లు మూసి ఉన్నాయి. వేలాది ఉద్యోగుల ఇళ్ళలో ఆ రోజు ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రాజుతో సహా పదిమందికి ఏడేళ్ళ జైలు శిక్ష విధించింది. అప్పీలు చేసుకున్న మీదట వారికి బెయిలు లభించింది.

అక్కడ చదువుకు కొరత లేదు. కొరవడింది అమానత్, అంటే ఒకరి సొత్తును మన చేతిలో ఉన్నంతకాలం భద్రంగా కాపాడి అప్పగించే గుణం. అంతమాత్రాన గుణం ఉంటే చాలు, చదువెందుకు అనడానికి లేదు. హజ్రత్ యూసుఫ్ (అలై) ఈజిప్టు ధాన్యాగారాల బాధ్యతను కోరినప్పుడు తనలోని రెండు లక్షణాలను చెప్పుకున్నారని దివ్య ఖుర్ఆన్ తెలుపుతుంది. ఒకటి కాపాడే గుణం, రెండవది తెలివిడి. ఏడేళ్ళ పంటను ఏడేళ్ళ కరువుకు సరిపెట్టడం మంచితనంతో మాత్రమే అయ్యే పని కాదు గదా! హజ్రత్ అబూజర్ (రజి) ఎంతటి భక్తిపరులో అందరికీ తెలుసు. అయినా ఆయన పదవి కోరినప్పుడు, అది అమానత్ అనీ, దాన్ని మోయగల శక్తి ఆయనలో లేదనీ దైవప్రవక్త (సల్లం) నచ్చజెప్పారు.

నేటి ఎం.బి.ఎ. తరగతిలో స్వప్రయోజనాల సంఘర్షణ అనే అంశం ఒకటి వస్తుంది. మదరసాలో హదీసు చదివిన విద్యార్థికి ఇది కొత్త కాదు. జకాత్ వసూలుకు వెళ్ళిన ఒక అధికారి తిరిగివచ్చి, ఇది ప్రభుత్వానిది, ఇది నాకు కానుకగా వచ్చింది అని సొమ్మును రెండు భాగాలు చేశాడు. అతను తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రవక్త (సల్లం) బహిరంగంగా నిలదీశారు. మేటాస్ తీర్మానాన్ని ఈ ప్రశ్న పక్కన పెట్టి చూడండి. కొనే కంపెనీ, అమ్మే కుటుంబం ఒకే గుమ్మంలో ఉన్నప్పుడు బోర్డులో కూర్చున్నవారు ఏమడగాలి? మంచి ఉపాధ్యాయుడు విద్యార్థులను ఆ డిసెంబర్ 16 సమావేశంలో కూర్చోబెట్టి, నీవైతే ఏం చేసేవాడివని అడుగుతాడు. నీతి సూత్రాలు వల్లె వేయించి మార్కులు వేసే ఉపాధ్యాయుడి వల్ల ఒరిగేదేమీ లేదని మా అభిప్రాయం.

ఇదంతా పట్నం కంపెనీల గొడవ అనుకోవద్దు. మన మండలాల్లో మస్జిద్ కమిటీ ఉంది, మదరసా చందా ఉంది, ఖబ్రస్తాన్ భూమి ఉంది, సహకార సంఘం ఉంది, మహిళల పొదుపు సంఘాలున్నాయి. వీటిని నడిపేవారిలో నిజాయితీపరులే ఎక్కువ. కాని రసీదు పుస్తకం ఒక జేబులో, ఖర్చు మరో జేబులో, లెక్క మనసులో! పెద్దమనిషిని లెక్క అడిగితే అవమానమని జమాఅత్ మౌనంగా ఉంటుంది. ఆయన కాలం చేసిన నాడు ఎవరి వద్ద ఎంత ఉందో చెప్పేవారు ఉండరు. వక్ఫ్ చట్టం ప్రకారం ముతవల్లీ లెక్కలు రాయాలి, ఏటా బోర్డుకు సమర్పించాలి. జమాఖర్చుల పట్టీ చదవగల యువకుడు కమిటీలో ఒక్కడుంటే ఈ పని సులువు.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పుకోవాలి. డిగ్రీతో చాలించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. హజ్రత్ ఖదీజా (రజి) స్వయంగా వర్తకం నడిపారు. ప్రవక్త (సల్లం) నిజాయితీని గురించి విని, తమ సరుకును ఆయనకు అప్పగించి సిరియా పంపారు. మనిషిని ఎంచి పని అప్పగించడం నాయకత్వంలో మొదటి మెట్టని నేటి ఆచార్యులు చెబుతున్నారు.

హైదరాబాదులో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ 2001లో వచ్చింది, కాని అక్కడి ఫీజు మనబోటి వారికి అందనిది. ఉస్మానియాలోనూ ఇతర కళాశాలల్లోనూ ఎం.బి.ఎ.కు ఐసెట్ పరీక్ష రాయాలి. ఉర్దూ చదివినవారికి గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో కూడా ఈ కోర్సు ఉంది. ఇంటి బాధ్యతల వల్ల ఊరు విడవలేనివారికి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. చేరే ముందు పాఠ్యప్రణాళిక తెప్పించుకుని, వ్యాపార నీతి, కంపెనీ పాలన, అకౌంట్లు ఎన్ని పేపర్లున్నాయో చూడండి. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవారు కూడా ఐసెట్ రాయవచ్చు.