గ్రోగు తిరిగి ఎప్పుడొచ్చాడు?

ముందే చెప్తున్నా, స్పాయిలర్స్ ఉన్నాయి.

2020 డిసెంబర్‌లో ‘ది మాండలోరియన్’ రెండో సీజన్ ముగింపు గుర్తుందా? గ్రోగు ల్యూక్‌తో వెళ్లిపోతాడు, మనకి కళ్లలో నీళ్లు. 2023లో మూడో సీజన్ పెడితే, మళ్లీ మాండో పక్కనే! ఫోన్‌లో ఎపిసోడ్ స్కిప్ అయిందా అనిపిస్తుంది.

కాదు. ఆ కథ వేరే సిరీస్‌లో ఉంది: ‘ది బుక్ ఆఫ్ బోబా ఫెట్’. అయిదో ఎపిసోడ్‌లో మాండో వస్తాడు. ఆరులో ల్యూక్ గ్రోగు ముందు రెండు పెడతాడు: యోడా లైట్‌సేబర్, మాండో పంపిన ఇనుప చొక్కా. ఒక్కటే తీసుకోవాలి. ఏడులో గ్రోగు ఆ చొక్కా వేసుకునే తిరిగొస్తాడు.

అంటే ఆ పిల్లాడి జీవితంలో అతి పెద్ద నిర్ణయం ఇంకొకరి సిరీస్‌లో జరిగిపోయింది! అందుకే స్టార్ వార్స్‌లో సీజన్ నంబర్ కాదు, పాత్ర ఎటు వెళ్లిందో చూడాలి. ఆ మూడు ఎపిసోడ్లు చూశాకే మూడో సీజన్ పెట్టండి.